కవిత్వం మీద పీహెచ్‌డీ చేద్దామనుకునే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

మొన్న మీలో ఒకరు అమెరికా, బ్రిటన్‌లలోని పది యూనివర్సిటీల పేర్లు రాసి పంపి, "పెద్దమ్మా, ఇంగ్లిష్ కవిత్వం మీద రీసెర్చ్‌కి వీటిలో ఏది మంచిది?" అని అడిగారు. జాబితా అంతా చదివాను. అన్నీ పెద్ద పేర్లే. కవిత్వంలో ఏ సంగతి మీద పనిచేయాలనుకుంటున్నారో మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తొచ్చి నవ్వుకున్నాను. కోపం తెచ్చుకోకండి, ఆ వయసులో నేనూ అదే చేశాను.

"కవిత్వమంటే ఇష్టం" అనేది రీసెర్చ్ టాపిక్ కాదు. ఛందస్సు ఎలా పనిచేస్తుందో తేల్చాలనుకునేవాళ్లూ, చేతిరాత ప్రతులు తిరగేయాలనుకునేవాళ్లూ, కవి బతికిన కాలపు రాజకీయాలు పద్యంలోకి ఎలా దిగాయో చూడాలనుకునేవాళ్లూ వేరువేరు చోట్లకు వెళ్లాలి. ఒకరికి బంగారంలాంటి చోటు ఇంకొకరికి ఎందుకూ పనికిరాకపోవచ్చు.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ సంగతే చూడండి. ఆమె రాసినవి దాదాపు 1,800 పద్యాలు. బతికుండగా అచ్చయినవి పదో పన్నెండో. 1886లో ఆమె పోయాక, 1890లో మొదటి సంపుటం వచ్చింది. దాన్ని తెచ్చిన సంపాదకులు ఆమె మాటల మధ్య పెట్టిన అడ్డగీతల్ని (డాష్‌లను) తీసేసి మామూలు విరామచిహ్నాలు పెట్టారు, అక్కడక్కడా మాటలూ మార్చారు. ఇప్పుడు ఆమె చేతిరాత చూడండి. కాగితాలు మడిచి, దారంతో కుట్టుకున్న చిన్న చిన్న పుస్తకాలు, మొత్తం నలభై. వాటిలో చాలాచోట్ల ఒక మాట దగ్గర చిన్న కూడిక గుర్తు ఉంటుంది. పద్యం అయ్యాక కింద అదే గుర్తు పెట్టి, ఆ మాటకు బదులుగా ఇంకో మాట, ఒక్కోసారి రెండు మూడు మాటలు రాసి ఉంటాయి. పై మాట కొట్టేసి ఉండదు, కింది మాట ఖాయం చేసి ఉండదు. మరి పద్యం ఏది? పైదా, కిందిదా, రెండూ కలిపా?

ఈ ప్రశ్న మీ నిద్ర చెడగొడితే మీ దారి ఒకటి. "అదంతా సరే, ఆ పద్యం చర్చి కీర్తనల బాణీలో ఎందుకు నడుస్తోంది?" అనిపిస్తే మీ దారి వేరు. మొదటివాళ్లకు పాఠపరిష్కరణ, అంటే ప్రతులు పోల్చి పాఠం తేల్చే పని, తెలిసిన గైడ్ కావాలి. రెండోవాళ్లకు ఛందస్సు చరిత్ర మీద పనిచేసినవాళ్లు కావాలి. కవయిత్రి ఒక్కరే, అప్లికేషన్ పెట్టాల్సిన చోట్లు మాత్రం వేరు.

ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. కవి కాగితాలు ఎక్కడుంటే అక్కడే చేరాలనుకుంటారు. డికిన్సన్ ప్రతులు ఎక్కువగా హార్వర్డ్‌లోనూ ఆమ్‌హర్స్ట్ కాలేజీలోనూ ఉన్నాయి. ఆమ్‌హర్స్ట్‌లో అసలు పీహెచ్‌డీ లేదు. ఇంకో అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ కాగితాలున్న వాసర్ కాలేజీదీ అదే సంగతి. పైగా డికిన్సన్ ప్రతుల బొమ్మలు 2013 నుంచి ఆన్‌లైన్‌లో ఎవరికైనా కనిపిస్తున్నాయి. ఆన్‌లైన్‌లో లేనివాటి కోసం ఒక నెల వెళ్లి చూసి రావడానికి ప్రయాణ ఖర్చులిచ్చే లైబ్రరీలు చాలా ఉన్నాయి. అంచేత ఒక పెట్టెలోని కాగితాల కోసం ఐదారేళ్లు తాకట్టు పెట్టకండి.

దీనికి మినహాయింపు లేకపోలేదు. చిన్న పత్రికలు, వంద కాపీలు వేసి పంచుకున్న కరపుస్తకాలు, ఇలాంటి చెల్లాచెదురు సరుకు మీద పనిచేసేవాళ్లకు రోజూ వెళ్లి అల్మరాల మధ్య తిరగడమే రీసెర్చ్. అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో 1937లో మొదలైన కవిత్వ సేకరణ అలాంటిది. ప్రయోగాత్మక కవిత్వం మీద పనిచేసేవాళ్ల కోసం అక్కడే 1991లో పొయెటిక్స్ ప్రోగ్రామ్ కూడా పెట్టారు. ఎమరీ యూనివర్సిటీలో దాదాపు 75,000 పుస్తకాల కవిత్వ గ్రంథాలయం ఉంది, ఇంగ్లిష్ కవి టెడ్ హ్యూస్, ఐరిష్ కవి షేమస్ హీనీల కాగితాలూ ఉన్నాయి. అలాంటిచోట పుస్తకాలతోపాటు వాటిని చదివే మనుషులూ దొరుకుతారు.

మీరు డిపార్ట్‌మెంట్ల పేజీలు తెరిచి "కవిత్వం" అనే విభాగం కోసం వెతుకుతారు. చాలాచోట్ల కనిపించదు. ఇంగ్లిష్ సాహిత్య శాఖలు ఎక్కువగా కాలాన్ని బట్టి నడుస్తాయి: రినైజాన్స్, రొమాంటిక్, విక్టోరియన్, ఇరవయ్యో శతాబ్దం. తర్వాత ఉద్యోగ ప్రకటనలూ చాలావరకు అలాగే వస్తాయి. కాబట్టి "నేను కవిత్వం మనిషిని" అంటే సరిపోదు, ఏ కాలపు కవిత్వమో కూడా తేల్చుకోవాలి. నాకు ఈ పద్ధతి ఎప్పుడూ నచ్చలేదు. నచ్చకపోయినా అప్లికేషన్ చదివే కమిటీ ఆ గడుల్లోంచే చూస్తుంది.

కవిత్వం రాసే పిల్లలకు ఒక మాట. మీరు రాయడానికి వెళ్తున్నారా, రాసినవాటి గురించి తేల్చడానికి వెళ్తున్నారా? అమెరికాలో ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అనేది రాసేవాళ్ల డిగ్రీ. హ్యూస్టన్, డెన్వర్, యూటా లాంటి కొన్ని యూనివర్సిటీల్లో సొంత కవితా సంపుటినే థీసిస్‌గా ఇచ్చే పీహెచ్‌డీలూ ఉన్నాయి. మామూలు సాహిత్య పీహెచ్‌డీలో చేరి, అక్కడ మన కవితలు ఎవరూ అడగడం లేదని బాధపడితే లాభం లేదు. రెండు మూడు భాషల కవిత్వాన్ని పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటే కంపారటివ్ లిటరేచర్ వైపు చూడండి.

ఇప్పుడు నా కథ. నేను ఒక్క మనిషి పేరు చూసి చేరాను. ఆవిడ పుస్తకం నాకు కంఠతా వచ్చు. రెండో ఏడాది అయ్యేసరికి ఆవిడ ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోయారు. ఆ శాఖలో మిగిలినవాళ్లంతా నవల మనుషులు. మంచివాళ్లే, నా అధ్యాయం శ్రద్ధగా చదివేవాళ్లు, చదివి "ఇందులో కథ ఏది?" అన్నట్టు చూసేవాళ్లు. తేరుకోవడానికి రెండేళ్లు పట్టింది. అందుకే ఒక్కరు కాదు, మీ ప్రశ్న అర్థమయ్యేవాళ్లు కనీసం ఇద్దరు, వీలైతే ముగ్గురు ఉన్నచోటే చూసుకోండి. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారేమో కూడా కనుక్కోండి. అడగడానికి మొహమాటమే, అయినా అడగాలి.

ఈ సంగతులు వెబ్‌సైట్లో దొరకవు. నేను చేసే పని ఒకటి చెప్తాను. ఆ శాఖలో ఈ ఐదారేళ్లలో వచ్చిన థీసిస్‌లలో కవిత్వం మీదవి తీసి, మొదట కృతజ్ఞతల పేజీ చదవండి. ఎవరు ఓపిగ్గా చదివారో, ఎవరు పేరుకే థీసిస్ కమిటీలో ఉన్నారో అక్కడ తెలిసిపోతుంది. ఒక పేరు కింద నాలుగు వాక్యాలుంటాయి, ఇంకో పేరు కామాల మధ్య నలిగిపోయి ఉంటుంది. తర్వాత ఇప్పుడు చదువుతున్న ఇద్దరు విద్యార్థులకు మెయిల్ పెట్టి ఒక్కటే అడగండి: అధ్యాయం ఇచ్చాక ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?

ప్రొఫెసర్లకూ రాయండి, కానీ చిన్నగా, మీ ప్రశ్న రెండు వాక్యాల్లో. అమెరికాలో సీటు ఇచ్చేది కమిటీ, ఒక ప్రొఫెసర్ సరేనన్నంత మాత్రాన పని కాదు. బ్రిటన్‌లో మొదటి నుంచే ప్రపోజల్, దానికి ఒప్పుకునే సూపర్‌వైజర్ ఉండాలి. అక్కడ చదువు మూడు నాలుగేళ్లలో అయిపోవాలి. అమెరికాలో మొదట కోర్సులు, పరీక్షలు, ఆ తర్వాత థీసిస్, మొత్తం ఐదు నుంచి ఏడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీ ప్రశ్న ఇంకా పచ్చిగా ఉంటే ఆ కోర్సుల కాలం మేలు చేస్తుంది.

డబ్బు విషయం దాచను. అమెరికాలో చాలా మంచి ప్రోగ్రాములు ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పించుకుని స్టైపెండ్ ఇస్తాయి. వేసవి నెలలకు కూడా ఇస్తారో లేదో, ఎన్నేళ్లు ఇస్తారో కాగితం మీద చూసుకోండి. బ్రిటన్‌లో సీటు వేరు, ఫండింగ్ వేరు. సీటొచ్చి డబ్బు రాకపోవడం మామూలే. అప్పు చేసి సాహిత్యంలో పీహెచ్‌డీ చేయమని నేను ఎవరికీ చెప్పను.

అప్లికేషన్ల డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్, జనవరిల్లో పడతాయి కాబట్టి టెన్షన్ పడకుండా ఇప్పుడే ఒక పని చేయండి. మిమ్మల్ని వదలకుండా పట్టుకున్న పద్యం ఒకటి తీసుకుని, అందులో మీకు అర్థంకానిది ఏమిటో ఐదు వాక్యాల్లో రాసి పంపండి. ఆ పది పేర్ల జాబితా నా దగ్గర భద్రంగానే ఉంది. మీ ఐదు వాక్యాలు పక్కన పెట్టుకుని దాన్ని మళ్లీ చదువుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ