పార్శిల్ చేతికి రాకముందే ఓటీపీ చెప్పకండి: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి, టంగుటూరు, కొత్తపట్నం వైపు ఊళ్లకు పార్శిళ్లు చేరవేసే చిన్న సంస్థ మాది. ఆన్‌లైన్ దుకాణాల సరుకు హబ్‌లో, అంటే పార్శిళ్లు దించి ఊళ్లకు పంచే చోట దిగాక మీ గడప దాకా తెచ్చే చివరి అంచె మా పని. రోజూ ఎన్నో అపోహలు వింటుంటాం. జనాన్ని ఎక్కువగా ముంచుతున్నది మాత్రం ఒక్కటే.

అపోహ: డెలివరీ ఓటీపీ బ్యాంకు ఓటీపీ కాదు కదా, ఫోనులో చెబితే ఏం పోతుంది?

వాస్తవం: పార్శిల్ పోతుంది. ఆ అంకెలు యాప్‌లో కొట్టగానే సరుకు మీకు ముట్టినట్టు నమోదవుతుంది. రసీదు మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే. తర్వాత మీరు అందలేదని ఎంత మొత్తుకున్నా, దుకాణంవాళ్లు ముందుగా చూపించేది ఆ నమోదునే.

మన జిల్లాలో పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, తల్లిదండ్రులు పల్లెలో ఉన్న ఇళ్లు చాలా. ఆర్డరు పెట్టేది అక్కడ, ఓటీపీ వచ్చేది అక్కడి ఫోనుకు, సరుకు దిగేది ఇక్కడ. ఆ సందులోనే మోసం దూరుతోంది.

పొదిలి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన మా హబ్‌కు వచ్చారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు ఆయనకు కొత్త ఫోను కొని పంపింది. ఆమె ఆఫీసులో ఉండగా, "మీ నాన్నగారి ఇంటి ముందే ఉన్నాను మేడమ్, ఓటీపీ చెప్పండి" అని ఎవరో అడిగారు. చెప్పింది. అదే సమయానికి ఆయన అరుగు మీదే కూర్చుని ఉన్నారు. ఎవరూ రాలేదు. ఆ పార్శిల్ మా సంస్థది కాదు, అయినా బోర్డు చూసి మా దగ్గరకే వచ్చారు. కూతురు ఫోనులో చెబుతుంటే రాసుకున్న ఆర్డరు నంబరు కాగితాన్ని జేబులోంచి తీసి, మడతలు విప్పి బల్ల మీద పరిచారు. "అమ్మాయిని తప్పు పట్టకండి బాబూ, మంచికే చెప్పింది" అన్నారు. తప్పు ఆ అమ్మాయిది కానే కాదు. ఓటీపీతో ఏం జరుగుతుందో ఆమెకు ఎవరైనా చెబితే కదా!

దుకాణం యాప్‌లో ఫిర్యాదు పెట్టించాం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. స్పందన లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వాళ్లకు డబ్బు తిరిగి వచ్చింది, కానీ అది వచ్చేదాకా తండ్రీకూతుళ్లిద్దరికీ నిద్ర లేదు.

ముందే ఓటీపీ అడిగే డెలివరీ కుర్రాళ్లందరూ దొంగలు కారు. చాలాచోట్ల పార్శిల్ ముట్టజెబితేనే వాళ్లకు డబ్బు, తిరిగి తెస్తే ఏమీ రాదు. మే నెల ఎండలో పల్లె దాకా వెళ్లి తాళం చూసి రావడం ఎంత బాధో నాకు తెలుసు. సాయంత్రానికి రన్‌షీటు, అంటే ఆ రోజు ఇవ్వాల్సిన పార్శిళ్ల జాబితా పూర్తి చేయాలన్న ఆత్రంలో ఓటీపీ కొట్టించుకుని, సరుకు రేపు ఇద్దామనుకుంటారు. కానీ గొంతు విని తొందరలో ఉన్నవాడెవరో, మోసగాడెవరో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను.

అందుకే పార్శిల్ అమ్మ చేతికో నాన్న చేతికో వచ్చాక, వాళ్ల ఫోను నుంచే మీకు చేయించుకోండి. ఓటీపీ వాళ్లకే చెప్పండి. కుర్రాడు కాదంటే పార్శిల్ వెనక్కి తీసుకెళ్లనివ్వండి, నష్టమేమీ లేదు. చెప్పే ముందు సందేశం మొత్తం చదవండి. అందులో బ్యాంకు పేరో, చెల్లించే మొత్తమో ఉంటే అది డెలివరీ ఓటీపీయే కాదు.

అపోహ: మన పేరు మీద సీఓడీ (సరుకు తెచ్చినప్పుడు డబ్బు కట్టే) పార్శిల్ వస్తే డబ్బు కట్టి తీసుకోవాల్సిందే.

వాస్తవం: ఆర్డరు పెట్టకపోతే గడప దగ్గరే వద్దనండి, చాలు. "రద్దు చేయడానికి ఓటీపీ చెప్పండి" అని ఫోను వస్తే పెట్టేయండి.

అపోహ: చిరునామా సరిచేయడానికి లింకు నొక్కి కొద్దిగా డబ్బు కట్టాలి.

వాస్తవం: దారి తెలియకపోతే మేం ఫోను చేసి అడుగుతాం, అంతే. నక్షత్రం గుర్తు, 401 లేదా 21తో మొదలయ్యే నంబరు కొట్టమన్నా కొట్టకండి. మీకు రావలసిన కాల్స్‌ను వాళ్లకు మళ్లించుకునే ఎత్తు అది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

అపోహ: పార్శిల్‌లో మత్తుమందులు దొరికితే పోలీసులు వీడియో కాల్‌లోనే అరెస్టు చేస్తారు.

వాస్తవం: మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లోనూ ఇదే చెప్పారు. భయపడి గది తలుపులు వేసుకుని కూర్చోకండి, పక్కింటివాళ్లను పిలవండి.

అపోహ: పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే ఇల్లు దొరుకుతుంది.

వాస్తవం: ఒకే పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లుంటాయి, రామాలయం వీధి దాదాపు అన్నింటిలోనూ ఉంటుంది. ఊరితో పాటు మండలం రాయండి. హైదరాబాద్‌లో ఉన్న మీ నంబరుతో పాటు, ఇంట్లో ఫోను ఎత్తే మనిషి నంబరు కూడా చిరునామాలోనే ఇవ్వండి.