ఖాళీ బండికే వణుకు

మిర్చి సీజన్లో మా బావ పికప్ బండి పల్నాడు ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తుంది. లోడుతో వచ్చేటప్పుడు బండి నిమ్మళంగా ఉంటుంది. సరుకు దింపేసి తిరుగుముఖం పట్టిందా, స్పీడు అరవై దాటగానే సీటు కింద గుర్రుమంటూ ఒకటే వణుకు. టైర్లకు బ్యాలెన్సింగ్ చేయించాడు, అలైన్‌మెంట్ చూపించాడు, ఎవరో చెప్పారని ఇంజిన్ కింది రబ్బరు మౌంటింగులు కూడా మార్పించాడు. డబ్బులు పోయాయి గానీ వణుకు పోలేదు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో షాఫ్టుల పని చేసే ఒక మేస్త్రి దగ్గరికి వెళ్లాం. ఆయన బండి కింద దూరే ముందు అడిగిందొకటే: "వణుకు ఎప్పుడొస్తోందండీ? ఏ స్పీడులో? లోడుంటేనా, ఖాళీగానా?"

ఆ ప్రశ్నల వెనక పెద్ద లెక్కే ఉంది. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. చక్రం చుట్టుకొలత 2 మీటర్లనుకుంటే అది సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసు మధ్యనుండే హౌసింగ్‌కు శక్తిని మోసుకెళ్లే పొడవాటి గొట్టం ప్రొపెల్లర్ షాఫ్ట్. హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ అనే పళ్లచక్రాల నిష్పత్తి 4 అయితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ నాలుగు చుట్లు తిరగాలి. అంటే సెకనుకు 40. అందుకే చక్రంలో లోపముంటే డబడబమని కుదుపులొస్తాయి, ముందు చక్రమైతే స్టీరింగ్ ఊగుతుంది. షాఫ్ట్‌లో లోపముంటే వచ్చేది సన్నటి గుర్రు, సీటులోనూ కాళ్ల కిందా తెలుస్తుంది.

ఇంజిన్ సంగతి తేల్చడం ఇంకా తేలిక. స్పీడు మార్చకుండా గేరు ఒకటి తగ్గించి చూడాలి. ఇంజిన్ చుట్లు పెరుగుతాయి, షాఫ్ట్ చుట్లు అంతే ఉంటాయి. వణుకు ఏమీ మారకపోతే ఇంజిన్‌కు సంబంధం లేదన్నమాట. మౌంటింగులకు పోసిన డబ్బు బావకు ఈ ఒక్క పరీక్షతో మిగిలేది.

షాఫ్ట్ మీద బ్యాలెన్సింగ్ కోసం అతికించిన ఇనుప బిళ్ల ఊడిందనుకుందాం. బరువు 10 గ్రాములే. మధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో, సెకనుకు 40 చుట్ల మీద, ఆ పది గ్రాముల తేడా షాఫ్ట్‌ను దాదాపు రెండున్నర కిలోల బలంతో పక్కకు గుంజుతుంది. స్పీడు సగానికి తగ్గితే గుంజుడు నాలుగో వంతుకు పడిపోతుంది. నెమ్మదిగా వెళ్తే వణుకు మాయమయ్యేది అందుకే. చక్రాలకూ ఈ బాధ ఉంది. వానాకాలం పొలందారుల్లో తిరిగొచ్చాక రిమ్ము లోపల నల్లరేగడి గట్టిపడి ఉంటే ముందు దాన్ని కడిగి చూడండి. బురద వదిలితే వణుకు వదిలిన బళ్లు బోలెడు.

అయితే బ్యాలెన్స్ ఒక్కటే చెడితే లోడు వేసినా వెయ్యకపోయినా వణుకు రావాలి. మా బండికి ఖాళీగా ఉంటేనే వస్తోంది. దాంతో మేస్త్రి చూపు క్రాసుల మీదికి మళ్లింది. షాఫ్ట్ చివర్ల ప్లస్ గుర్తులా ఉండే యూనివర్సల్ జాయింట్లే క్రాసులు. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ హుక్ వివరించిన ఈ కీలులో ఒక చమత్కారం ఉంది. షాఫ్ట్ వాలుగా ఉంటే ఇటు చుట్లు సమంగా తిరిగినా అటు సమంగా తిరగవు. వాలు 10 డిగ్రీలైతే, ఇటు నిమిషానికి 2400 చుట్లున్నప్పుడు అటువైపు వేగం సుమారు 2364, 2437ల మధ్య ఊగుతుంది, అదీ ప్రతి చుట్టులో రెండుసార్లు. రెండో చివర అదే కోణంలో ఇంకో క్రాసు ఉంటే ఆ ఊగును అది సరిచేస్తుంది. షాఫ్ట్ విప్పి బిగించేటప్పుడు దాని రెండు ముక్కల మీదుండే బాణం గుర్తులు కలపకుండా ఒక పల్లు పక్కకు తప్పించి ఎక్కిస్తే ఈ సర్దుబాటు చెడిపోతుంది. అంతా కుదిరినా మధ్యలో షాఫ్ట్ మాత్రం ఆ ఊగుతోనే తిరుగుతుంది, అందుకే వాలు ఎక్కువ కాకూడదు.

చిన్న కార్లలో చాలావాటికి ఈ గొట్టం ఉండదు, ముందు చక్రాలకు రెండు పొట్టి షాఫ్టులుంటాయి. వాటి చివర్ల వాలుగా ఉన్నా సమంగా తిప్పే సీవీ జాయింట్లుంటాయి. మలుపులో టకటకమంటే చక్రం వైపున్న బయటి జాయింట్‌ను, యాక్సిలరేటర్ తొక్కితే వణికి వదిలేస్తే ఆగిపోతుంటే లోపలి జాయింట్‌ను అనుమానించాలి. జాయింట్ మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి గ్రీజు కారిందేమో చూస్తే సగం తెలిసిపోతుంది.

మేస్త్రి ఇప్పుడు బండి కిందికి వంగి చూశాడు. "కమాన్ కట్టలు ఎక్కువ వేయించారేంటండీ?"

బావ నీళ్లు నమిలాడు. పోయిన సీజన్లో నాలుగు టిక్కీలు ఎక్కువ పడతాయని వెనక రెండు వైపులా కమాన్ కట్టలకు, అంటే బండి బరువును మోసే ఇనుప పట్టీల స్ప్రింగులకు, అదనపు పట్టీలు వేయించాడట. దాంతో ఖాళీ బండి వెనకభాగం లేచి షాఫ్ట్ వాలు పెరిగింది. లోడు పడితే స్ప్రింగులు అణిగి, వాలు తగ్గి, వణుకు ఆగేది. బండి గోల పెడుతోంటే మేం టైర్ల చుట్టూ తిరిగాం.

పట్టీలు తీసేశారు. అరిగిన క్రాసు ఒకటి ఎటూ దొరికింది కాబట్టి మార్చారు. అది విరిగితే షాఫ్ట్ రోడ్డు మీదికి జారుతుంది, ఊరుకునే విషయం కాదు. వచ్చేటప్పుడు కాజ టోల్‌గేట్ దాటాక డెబ్బైలో నడిపాం, డాష్‌బోర్డు మీద పెట్టిన చిల్లర కదల్లేదు. టిక్కీలు తగ్గించుకోవాల్సి వచ్చిందని బావకు మాత్రం మేస్త్రి మీద ఇంకా కోపమే.