మోటుపల్లి అభయశాసనం: అపోహలు - వాస్తవాలు

శాసనాలు చదవడం, పిల్లలకు వాటి నకలు తీయడం నేర్పడం నా పని. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రం పక్కనున్న మోటుపల్లి పేరెత్తితే చాలు, ప్రతి ఏడాదీ క్లాసులో ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: కాకతీయ రాజు గణపతిదేవుడు విదేశీ వర్తకులకు పన్నులు మాఫీ చేశాడు.

చేయలేదు. వీరభద్రస్వామి గుడి ముందరి మండపం స్తంభం మీద, 1244-45 నాటి ఆయన అభయశాసనంలో, ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు సుంకం కట్టాలని ఉంది. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం... ఏ సరుకుకు ఎంతో పట్టీ కూడా చెక్కించారు.

మరి అభయం దేనికి? గాలివానలో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం పాతరాజులు బలవంతంగా తీసేసుకునేవారు. ఈ మాట శాసనమే చెబుతుంది. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసి వచ్చినవాళ్లకు, దయతోనూ కీర్తి కోసమూ ధర్మం కోసమూ, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా విడిచిపెడుతున్నామని గణపతిదేవుడి మాట. పన్ను తగ్గించిన రాజులు చాలామంది ఉన్నారు. చేతికందిన సొత్తును వదులుకుంటానని రాయి మీద రాయించుకోవడం నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి.

అపోహ: ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఇక్కడ రుద్రమదేవిని కలిశాడు.

ఆయన ఈ రాజ్యాన్ని ‘ముత్ఫిలి’ అన్నాడు, ఒక రాణి చాలా న్యాయంగా పాలిస్తోందన్నాడు. కలిశానని ఎక్కడా చెప్పలేదు. పైగా ఆమెను చనిపోయిన రాజుకు భార్యగా రాశాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. ఆమె రాజధాని ఓరుగల్లు, ఈ తీరానికి చాలా దూరం. అయితే ఇక్కడి బట్ట సాలెగూడంత పల్చగా ఉంటుందని మెచ్చుకున్నాడు చూడండి, ఆ ఒక్క మాట మన నేతగాళ్ల గురించి ఎంతో చెబుతుంది.

అపోహ: వజ్రాలు మోటుపల్లిలోనే దొరికేవి.

లేదు. వజ్రాల నేలలు లోపల, కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల వైపు. మోటుపల్లి రేవు మాత్రమే.

అపోహ: కాకతీయులతోనే రేవు కథ ముగిసింది.

1358లో కొండవీటి రాజు అనపోతారెడ్డి ఇక్కడే మరో శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తాం, వెళ్లిపోతామంటే ఆపం అని అందులో మాటిచ్చాడు. సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలోనూ చెక్కించాడంటే, దాన్ని చదవాల్సినవాళ్లు ఎవరో ఊహించుకోవచ్చు. తర్వాత గోల్కొండ కాలానికి పెద్ద రేవు మచిలీపట్నమైంది.

అపోహ: చాక్‌పీసు రుద్దితే అక్షరాలు బాగా కనిపిస్తాయి.

దయచేసి ఆ పని చేయకండి. రాయి అరుగుతుంది, పొడి గాట్లలో ఇరుక్కుంటుంది. ఫోటో కావాలంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీయండి. మేమైతే అనుమతి తీసుకుని, రాయిని నీళ్లతో కడిగి, తడి కాగితం అంటించి, బ్రష్‌తో మెల్లగా కొడతాం. కాగితం అక్షరాల గాట్లలోకి దిగుతుంది. కాస్త ఆరాక గుడ్డ ఉండతో సిరా అద్దితే, నల్లటి కాగితం మీద తెల్లగా ఒక్కో అక్షరం తేలుతుంది.