సంగటి ముద్ద, ఉప్పు ప్యాకెట్, బీపీ మిషన్: కొన్ని అపోహలు – వాస్తవాలు

"అన్నం మానేసి సంగటే తింటున్నా, అయినా షుగర్ దిగడం లేదు." కర్నూలు, అనంతపురం, కడప వైపు పదే పదే వినిపించే మాట ఇది. అందుకే సంగటితోనే మొదలుపెడదాం.

అపోహ: రాగి సంగటి ఎంత తిన్నా షుగర్ పెరగదు.

100 గ్రాముల రాగుల్లో పిండిపదార్థం దాదాపు 67 గ్రాములు, బియ్యంలో 78. పీచు, కాల్షియం రాగుల్లో చాలా ఎక్కువ కాబట్టి మంచి ధాన్యమే. కానీ సంగటిలో రాగిపిండి ఒక్కటే ఉండదు కదా. బియ్యమో నూకో మెత్తగా ఉడికించి, అందులో పిండి పోసి, తెడ్డుతో గెలికి ముద్ద చేస్తాం. నమిలే పని లేకుండా గొంతు దిగుతుంది, అంతే తొందరగా అరిగి రక్తంలో చేరుతుంది. ఒక ముద్దకు 80 గ్రాముల పిండి, 40 గ్రాముల బియ్యం పడ్డాయనుకోండి, పిండిపదార్థం 85 గ్రాములు. 110 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా అంతే.

సంగటి మానొద్దు, ముద్ద తగ్గించండి. మూడు పాళ్ల పిండికి నూక ఒక పాలు చాలు. ముద్ద సగం చేసి, ఆ ఖాళీలో ఆకుకూర పప్పు, కాయగూర, గుడ్డో కోడికూరో పెట్టుకోండి. ముందు కూర, పప్పు కొంత తిని తర్వాత ముద్ద అందుకుంటే షుగర్ అంత ఎత్తుకు ఎగరదు.

మీ ఒంటికి ఎంత ముద్ద సరిపోతుందో ఇంట్లో షుగర్ చూసుకునే మీటరే చెబుతుంది. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి సరిగ్గా 2 గంటలకు ఇంకోసారి చూడండి. తినడం అయిపోయినప్పటి నుంచి లెక్కేస్తే తప్పు. చాలామందికి పరగడుపున 80–130, తిన్నాక 180 లోపు ఉండాలి. పెద్ద వయసువాళ్లకు, గర్భిణులకు ఈ అంకెలు వేరు, డాక్టర్ని అడగండి. మరుసటి రోజు అదే కూరతో ముద్ద సగం చేసి మళ్లీ చూడండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు.

అపోహ: మీటరు పూటకో అంకె చూపిస్తుంది, నమ్మలేం.

150 చూపితే అసలు అంకె దాదాపు 130 నుంచి 175 లోపు ఎక్కడైనా ఉండొచ్చు. ప్రమాణాల ప్రకారమే అంత తేడా అనుమతిస్తారు. కాబట్టి పదిహేను, ఇరవై పెరిగిందని కంగారొద్దు. అసలు తప్పులు వేరే చోట జరుగుతాయి. బంగినపల్లి మామిడి కోసిన చేతితో, బెల్లం ముట్టిన చేతితో పొడుచుకుంటే వేలి మీది చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, వేలి పక్కన పొడవండి. స్ట్రిప్ తీసిన వెంటనే డబ్బా మూత బిగించండి. మే నెల ఎండలో బండి డిక్కీలో పెట్టిన స్ట్రిప్‌లను నమ్మొద్దు.

అపోహ: రాత్రి చపాతీ అయితే ఎన్నైనా తినొచ్చు. 40 గ్రాముల పిండితో చేసినవి నాలుగు తింటే పిండిపదార్థం 100 గ్రాములు దాటుతుంది. పై సంగటి ముద్ద కంటే ఎక్కువ.

అపోహ: బెల్లం, తేనె మంచివి. షుగర్ విషయంలో రెండూ చక్కెరే. చీనీ కాయ ఒకటి తొనలుగా తినండి, గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు, పీచంతా పోతుంది.

అపోహ: కూరలో ఉప్పు తగ్గించాం, ఇంకేం చేయాలి?

మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే అన్నీ కలిపి ఒక టీస్పూను. ఇంట్లో నలుగురుంటే నెలకు 600 గ్రాములు. మీ కిలో ప్యాకెట్ ఎన్నాళ్లకు అయిపోతుందో తేదీ రాసి చూడండి. ఊరగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, చెనిక్కాయల ఊరిబిండి, హోటల్ కారం దోసెల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోదే. సైంధవ లవణమూ దాదాపు మామూలు ఉప్పే. 'తక్కువ సోడియం' ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడకూడదు.

అపోహ: తలనొప్పి లేదంటే బీపీ లేనట్టే. నార్మల్ వచ్చింది కాబట్టి మాత్ర ఆపొచ్చు.

ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. నార్మల్ వచ్చింది మాత్ర పనిచేస్తోంది కాబట్టే. చూసుకునే పద్ధతి మాత్రం జాగ్రత్తగా పాటించండి. అరగంట ముందు టీ, బీడీ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చొక్కా చేతి మీద కాదు, ఒంటి మీదే పట్టీ చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చెయ్యి కిందికి వేలాడినా, లావు చేతికి చిన్న పట్టీ కట్టినా, కాలు మీద కాలు వేసినా అంకె ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, అలా వారం చూడండి. మొదటి రోజువి వదిలేసి మిగతా సగటు తీయండి. 135/85 దాటితే ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగుతుంటే అదీ చెప్పండి, బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి.

అపోహ: షుగర్ మాత్రలతోనే కిడ్నీలు పోతాయి. కిడ్నీలను పాడుచేసేది అదుపులో లేని షుగర్, బీపీ. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. ఆ ఫలితాన్ని బట్టి మోతాదు మారుస్తారు.

అపోహ: చెమటలు, వణుకు వస్తే ఏదో ఒక తీపి తింటే సరి.

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవాళ్లు భోజనం ఆలస్యం చేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. అప్పుడు చెనిక్కాయ ఉండ పనికిరాదు, అందులోని నూనె వల్ల చక్కెర మెల్లగా ఎక్కుతుంది. మూడు టీస్పూన్ల నిండా చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. 70 దాటకపోతే ఇంకోసారి తాగాలి. దాటాక భోజనం చేయండి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.