రక్తనాళానికి తిరగబడ్డ నెయ్యి

బైపాస్ కోసం నెల్లూరు నుంచి చెన్నై వచ్చినవాళ్ల బంధువులు తప్పక అడిగే ప్రశ్న: గుండె కొట్టుకుంటుండగానే నరం కోస్తే రక్తం చిమ్మదా? చిమ్ముతుంది. అయితే అది నరం కాదు, ధమని. "నరాలు పూడుకుపోయాయి" అనడం మానేస్తే సగం అయోమయం తీరుతుంది.

హృదయ ధమని లోపలి వెడల్పు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు. దానికి అర సెంటీమీటరు గాటు పెట్టి, వెంట్రుకంత సన్నని 7-0 దారంతో కొత్త నాళాన్ని కుట్టాలి. ఆ పది నిమిషాలూ గాటు పొడిగా ఉండాలి. రక్తం అడ్డొచ్చి సూది వెనక గోడను కూడా పట్టేస్తే దారి మూసుకుపోయినట్టే.

రక్తం ఆపడానికి ధమని చుట్టూ సిలికాన్ దారం బిగించినా, బుల్‌డాగ్ క్లాంప్ అనే చిన్న పట్టుక్లిప్పు పెట్టినా గోడను బయటినుంచి నొక్కడమే. సున్నం పట్టిన గోడ నొక్కితే పగులుతుంది. లోపొర చిట్లిన చోట రక్తం గడ్డకడుతుంది.

నొక్కకుండా లోపలినుంచే మూసేది పోలోగ్జమర్ 407 జెల్. ధనుర్మాసం చలికి నెయ్యి పేరుకుంటుంది, పొయ్యి దగ్గర కరుగుతుంది. ఇది తిరగబడ్డ నెయ్యి: ఐసులో నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడికి పేరుకుంటుంది. వేడికి అన్నీ కరుగుతాయని బడిలో సూత్రంలా చెప్పేస్తాం, అది తప్పు. ఈ అణువుకి రెండు చివర్లూ నీటిని కోరుకుంటాయి, నడుము కోరుకోదు. చలిలో నీటి అణువులు నడుము చుట్టూ నిలబడి దాన్ని కరిగించి ఉంచుతాయి. వేడెక్కితే అవి వదిలిపోతాయి. దిక్కులేని నడుములన్నీ ఒకచోట చేరి, చివర్లు బయటికి పెట్టి, ఉండలవుతాయి. ఉండలు బస్తాలో శనగల్లా ఇరుక్కుంటే జెల్. ఎక్కడా రసాయన బంధం పుట్టలేదు కాబట్టి చల్లని సెలైన్ తగిలితే విడిపోతుంది. అలా వదిలేసినా రక్తంలో పలచబడి కరిగిపోతుంది.

సిరంజి ఐసు మీద ఉండాలి, చేతిలో ఎక్కువసేపు పట్టుకుంటే గొట్టంలోనే పేరుకుంటుంది. ఎక్కించే క్షణాన గాటుకి పైభాగంలో, అంటే రక్తం వచ్చే వైపు, ప్రవాహం ఆపాలి, లేకపోతే పేరుకునేలోపే పలచబడి కొట్టుకుపోతుంది. గాటుకి రెండు వైపులా నింపాలి. కింది వైపు వదిలేస్తే పక్క కొమ్మల రక్తం వెనక్కి వస్తుంది.

జెల్ ఉన్నంతసేపు ఆ ధమని కింది కండరానికి రక్తం అందదు. అందుకే గుండె ముందువైపు పెద్ద ధమనికి షంట్ మేలు. రెండు చివరలా ఉబ్బున్న ఈ చిన్న గొట్టం గాటును మూస్తూనే రక్తాన్ని పోనిస్తుంది. సైజు పెద్దదైతే లోపొర గీరుకుంటుంది, చిన్నదైతే పక్కనుంచి కారుతుంది. చివరి కుట్లు వదులుగా ఉండగానే నడుముకి కట్టిన దారం పట్టి దాన్ని బయటికి లాగి, ఆ తర్వాతే ముడి వేస్తారు.