ఆబోతు, దున్నపోతు వీర్యకణాల్లో ప్రొటీన్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: గడ్డకట్టించిన వీర్యం ఉన్న స్ట్రా (సన్నని గొట్టం) కరిగించి, కణాలను పగలగొట్టి మాస్ స్పెక్ట్రోమీటర్‌కి (ప్రొటీన్ ముక్కలను బరువును బట్టి గుర్తించే మెషిన్‌కి) ఎక్కిస్తే వీర్యకణాల ప్రొటీన్ల జాబితా వచ్చేస్తుంది.

వాస్తవం: జాబితా వస్తుంది, కాకపోతే అందులో కోడిదే పెత్తనం. వీర్యాన్ని పలచన చేసి నిల్వ ఉంచే ద్రావణంలో (డైల్యూటర్‌లో) మామూలుగా 20 శాతం గుడ్డు సొన ఉంటుంది. 0.25 మి.లీ. స్ట్రాలో అది 50 మైక్రోలీటర్ల దాకా వస్తుంది, అంటే 7-8 మి.గ్రా. ప్రొటీన్. అదే స్ట్రాలోని 2 కోట్ల వీర్యకణాలన్నీ కలిపినా 1 మి.గ్రా. కూడా తేలదు.

కాబట్టి ముందు సొన వదిలించాలి. ట్యూబు అడుగున 90 శాతం పెర్కాల్ (సాంద్రతను బట్టి కణాలను వేరుచేసే ద్రావణం), దాని మీద 45 శాతం పెర్కాల్ పోయండి. 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు కరిగించిన వీర్యాన్ని మెల్లగా పైన పొరలా పోసి, 700 జి వద్ద 20 నిమిషాలు తిప్పండి. కణాలు అడుక్కి చేరతాయి, సొన పైనే ఆగుతుంది. ఎక్కువగా చెడేది ఈ తర్వాతే. పిపెట్‌ను నేరుగా అడుక్కి దించితే టిప్‌కి అంటిన సొన కూడా కిందికి దిగుతుంది. పైనుంచి పొర వెంట పొర తీసేసి, కణాలను కొత్త ట్యూబులోకి మార్చాకే పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణంతో) రెండుసార్లు కడగాలి. మెషిన్ ఫలితాలను పోల్చి చూసే ప్రొటీన్ డేటాబేస్‌లో కోడి సీక్వెన్సులు కూడా పెట్టండి, లేకుంటే మిగిలిన సొన పెప్టైడ్లను (ప్రొటీన్ ముక్కలను) సాఫ్ట్‌వేర్ పోలికున్న పశువు ప్రొటీన్లకు అంటగడుతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. పెర్కాల్ దాటి దిగేవి చాలావరకు ఆరోగ్యంగా ఉన్న కణాలే. నాసి వీర్యంలోంచి మంచి కణాలను ఏరుకుని, మంచి ఆబోతుతో తేడా ఏమీ లేదని తేల్చేసే ప్రమాదం ఉంది. పెర్కాల్‌కు ముందూ తర్వాతా కణాల లెక్క రాసిపెట్టుకోవాలి.

అపోహ: బాగా కడిగితే సెమినల్ ప్లాస్మా (వీర్యంలో కణాలు తేలే ద్రవం) ప్రొటీన్లు పూర్తిగా పోతాయి.

వాస్తవం: పోవు. ఆబోతు ప్లాస్మాలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే బీఎస్‌పీ1 అనే ప్రొటీన్, కణపొరలోని కోలిన్ ఫాస్ఫోలిపిడ్లను గట్టిగా పట్టుకుంటుంది. కెపాసిటేషన్‌లో (వీర్యకణం ఫలదీకరణకు సిద్ధమయ్యే దశలో) దానికి పనుంది, దాన్ని మురికి కింద లెక్కేయకూడదు. ప్లాస్మా కలవకముందు కణం మీద ఏముందో తెలియాలంటే, కబేళా నుంచి తెచ్చిన ఎపిడిడిమిస్ (వృషణానికి అంటి వీర్యకణాలు నిల్వ ఉండే గొట్టం) తోక భాగంలోని కణాలతో పోల్చాలి. ఆర్‌ఎన్‌ఏ పనిలో తెల్లరక్తకణాలను చంపడానికి వాడే ఎస్‌డీఎస్, ట్రైటాన్ (డిటర్జెంట్లు) ద్రావణాన్ని ఇక్కడికి తేవద్దు. పైపొర, అక్రోజోమ్ (తల మీది ఎంజైముల సంచి) ప్రొటీన్లన్నీ సింకులోకి పోతాయి.

అపోహ: కాలేయానికి వాడే లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం) దీనికీ చాలు.

వాస్తవం: వీర్యకణం తల, తోక రెండూ డైసల్ఫైడ్ బంధాలతో బిగిసి ఉంటాయి. డీటీటీ (ఆ బంధాలను విడగొట్టే రసాయనం) లేని మెత్తని బఫర్‌లో పైపొర కరుగుతుంది, తోక అలాగే నిలబడుతుంది. 7 మోలార్ యూరియా, 2 మోలార్ థయోయూరియా, 4 శాతం చాప్స్ (ఒక డిటర్జెంట్), తాజాగా కలిపిన డీటీటీ, ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్లు (ప్రొటీన్లను కోసే ఎంజైములను ఆపేవి) వాడండి. పగిలిన అక్రోజోమ్ నుంచి వచ్చే ఎంజైములు మిగతా ప్రొటీన్లను తినేస్తాయి కాబట్టి ఇన్‌హిబిటర్లు మొదటి నిమిషం నుంచే ఉండాలి. ఐసు మీద విడతలు విడతలుగా సోనికేట్ చేసి (శబ్ద తరంగాలతో పగలగొట్టి), ఒక చుక్క మైక్రోస్కోప్ కింద చూడండి. తోకలు కనిపిస్తే పని కాలేదన్నమాట. యూరియా ఉన్న ట్యూబును 37 డిగ్రీలు దాటనివ్వొద్దు, దాటితే లైసిన్లు (ఒక అమైనో ఆమ్లం) యూరియా వల్ల కార్బమైలేట్ అయి, అంటే రసాయనికంగా మారి, ప్రొటీన్లను ముక్కలుగా కోసే ఎంజైమ్ ట్రిప్సిన్‌కు లొంగవు. ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతుల్లో, డీటీటీ ఉంటే బీసీఏ కొలత తప్పుతుంది, ఎస్‌డీఎస్ ఉంటే బ్రాడ్‌ఫర్డ్ తప్పుతుంది.

అపోహ: జాబితాలో ప్రొటమిన్ (వీర్యకణం తలలో డీఎన్‌ఏను బిగించి ఉంచే ప్రొటీన్) రాలేదంటే ఆ ఆబోతులో లోపం ఉన్నట్టే.

వాస్తవం: ఆబోతు ప్రొటమిన్1లో సుమారు సగం ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లమే. ట్రిప్సిన్ ఆర్జినిన్ దగ్గరల్లా కోస్తుంది కాబట్టి, మిగిలేవి మెషిన్ పట్టుకోలేనంత చిన్న ముక్కలు. ప్రొటమిన్ చూడాలంటే దాన్ని ఆమ్లంతో విడిగా తీసి యాసిడ్-యూరియా జెల్ మీద నడపాలి.

అపోహ: ఆవు డేటాబేస్ ఉంటే గేదెకు వేరేది అక్కర్లేదు.

వాస్తవం: ఒక్క అమైనో ఆమ్లం మారినా మామూలు సెర్చ్‌లో ఆ పెప్టైడ్ దొరకదు. ఆవు జీనోమ్ 2009లో వచ్చింది, ముర్రా లాంటి నది గేదెలకు మెరుగైన రిఫరెన్స్ 2019లో వచ్చింది. రెండూ కలిపి వెతకండి.

అపోహ: లింగ నిర్ధారిత వీర్యాన్ని ప్రొటీన్ తేడాతో వేరు చేస్తారు.

వాస్తవం: ఫ్లో సైటోమీటర్ చూసేది డీఎన్‌ఏ పరిమాణాన్ని. ఆవు జాతిలో ఎక్స్ క్రోమోజోమ్ ఉన్న కణంలో డీఎన్‌ఏ, వై ఉన్న కణం కన్నా సుమారు 4 శాతం ఎక్కువ. వృషణంలో కణాలు వంతెనలతో కలిసి ఉండి చాలా ప్రొటీన్లను పంచుకుంటాయి కాబట్టి ప్రొటీన్ తేడా పట్టడం కష్టం.

అపోహ: ఒక్క ప్రొటీన్ కొలిస్తే ఆబోతు సత్తా తెలిసిపోతుంది.

వాస్తవం: అండం పొరను చీల్చేది అక్రోజోమ్‌లోని అక్రోసిన్ అనే ఎంజైమే అని చాలాకాలం అనుకున్నారు. 1994లో అక్రోసిన్ లేని ఎలుకలకు మామూలుగానే పిల్లలు పుట్టాయి. 2020లో హ్యామ్‌స్టర్లలో చూస్తే అది లేకుండా వీర్యకణాలు పొర దాటలేకపోయాయి. ఎలుక ఫలితాన్ని గేదెకు అంటగట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు మంచి ఆబోతు, చెడ్డ ఆబోతు అనే విభజనే చాలాసార్లు నిలబడదు. 100 ఇన్సెమినేషన్లలో 40 చూడి నిలిచాయంటే, నిజమైన రేటు 30కీ 50కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 1000 చేస్తేగానీ అటూ ఇటూ 3కి తగ్గదు. ఎద గుర్తించిన వేళ, వేసవిలో గేదెల మూగ ఎద, కృత్రిమ గర్భధారణ సూది వేసినవారి నైపుణ్యం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. పెద్ద లెక్కలున్న ఆబోతుల్లో రెండు కొసలవాటినే తీసుకోండి. ఒకే ఆబోతు నుంచి 6 స్ట్రాలు తీసి 6 నమూనాలని రాయొద్దు. తేడా కనిపించిన ప్రొటీన్‌ను వెస్టర్న్ బ్లాట్‌తో (యాంటీబాడీతో ఒక్కో ప్రొటీన్‌ను గుర్తించే పద్ధతితో) సరిచూసేటప్పుడు, దొరికే యాంటీబాడీల్లో ఎక్కువ శాతం మనిషి లేదా ఎలుక ప్రొటీన్ మీద తయారైనవే కాబట్టి, అది పట్టుకునే భాగం గేదె సీక్వెన్స్‌తో కలుస్తుందో లేదో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.