వారానికో ఇంజెక్షన్: ఓపీలో రోజూ వినే అపోహలు

"డాక్టర్‌గారూ, మా అమ్మాయి పెళ్లి రెండు నెలల్లో ఉంది. ఆలోగా పదిహేను కిలోలు తగ్గాలి. ఆ ఇంజెక్షన్ రాసిపెట్టండి." వారానికోసారి వేసుకునే, బరువు తగ్గించే ఇంజెక్షన్ల (సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్) గురించి ఈమధ్య ఇలాంటి మాట వినని వారం లేదు.

అపోహ: రెండు నెలలు వేసుకుంటే చాలు.

వాస్తవం: మొదటి నెల డోసు కడుపుకి మందు అలవాటు చేయడానికే. సెమాగ్లూటైడ్ 0.25 మి.గ్రా.తో మొదలై, నెలనెలా పెరిగి, పూర్తి డోసు 2.4కి చేరేసరికే నాలుగు నెలలు. పెద్ద ట్రయల్‌లో సగటున 15 శాతం బరువు తగ్గింది, కానీ 68 వారాలకు. ఆపేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. "అంటే దీనికి బానిసలైపోతామా?" అనడుగుతారు. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరగదూ? ఇదీ అంతే.

అపోహ: ఇది కొవ్వు కరిగించే మందు.

వాస్తవం: తిన్నాక పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1 హార్మోన్‌లా పనిచేసి, ఆకలి తగ్గిస్తుంది, కడుపు నిదానంగా ఖాళీ అయ్యేలా చేస్తుంది. టిర్జెపటైడ్ దీంతోపాటు జీఐపీ అనే మరో హార్మోన్‌లానూ పనిచేస్తుంది. కొవ్వుతోపాటు కండా తగ్గుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. నాలుగు ముద్దలకే కడుపు నిండేవాళ్లు ఆ నాలుగూ ఆవకాయ అన్నమే తింటే కండ నిలవదు. ముందు గుడ్డో చేపో, ముద్దపప్పో, పెరుగో తినండి, తర్వాతే అన్నం. నడక ఒక్కటే చాలదు, బరువులెత్తే వ్యాయామమూ కావాలి.

అపోహ: ఇదీ ఇన్సులినే.

వాస్తవం: కాదు. అయితే ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్రగానీ వాడుతుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. వాటి డోసు తగ్గించాల్సి రావచ్చు, అందుకే ముందే చెప్పండి.

అపోహ: థైరాయిడ్ ఉంటే వాడకూడదు.

వాస్తవం: రోజూ పొద్దున్నే థైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్లకు ఆ కారణంగా అడ్డు లేదు. వద్దనేది మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకుగానీ రక్తసంబంధీకులకుగానీ వచ్చినవాళ్లకు. గర్భిణులూ వాడకూడదు. పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటే సెమాగ్లూటైడ్ రెండు నెలల ముందే ఆపాలి.

వికారం, మలబద్ధకం మొదట్లో మామూలే. మిర్చి బజ్జీలు తింటే ఇంకా ఎక్కువవుతాయి. కానీ పొట్టలో నొప్పి తీవ్రంగా వచ్చి వీపులోకి పాకినా, వాంతులు ఆగకపోయినా పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాపు కావచ్చు. ఇంజెక్షన్ ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకో మాట. ఖర్చు కలిసొస్తుందని ఒకే ఇంజెక్షన్ పెన్నును (పెన్నులా ఉండే, మందు నింపిన సిరంజి) ఇద్దరు అక్కచెల్లెళ్లు సూది మార్చి వాడుకున్న కేసు చూశాను. సూది మార్చినా లోపలి మందులోకి రక్తం చేరవచ్చు. పెన్ను ఒక్కరిదే.